సానపట్టిన పెంకులు

తప్పు ప్రవీణదే. ఆ ముక్క ముందే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. ఆమె కూడా ఏనాడూ కాదనలేదు. కాకపోతే చెడు తలపెట్టి చేసిన పని కాదది. మామ బాగుపడాలనే చేసింది, అదే ఏడుపు.

ఆషాఢమాసం. ఆదివారం ఉప్పల్‌లో బోనాలు. గురువారం పొద్దున్నే ప్రవీణ తల్లి సారలమ్మ ఇల్లు దులపడానికి అంబర్‌పేట్ నుంచి వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వెనక గదిలో ప్రవీణ మామ హనుమాండ్లు మంచం కిందికి చీపురు పోనిచ్చింది. ఠంగుమని ఏదో తగిలింది. బయటికి లాగితే పాత డాల్డా డబ్బా. మూత తీస్తే నిండా గాజుపెంకులు.

"ఓ అవ్వ! గిదేందే ప్రవీణా? పలిగిన అద్దాలు ఇంట్ల వెట్టుకుంటరానే ఎవరన్న? గందుకే మీ అత్త వాయె, మీ మామకు పచ్చవాతం వచ్చె. అమ్మోరు ఇంట్లకు వచ్చే యాళ్లకు గివి ఉండొద్దు. అవతల పారేయ్."

ఆ డబ్బా సంగతి ప్రవీణకు తెలియనిది కాదు. హనుమాండ్లు నాచారంలో ఒక అద్దాల కార్ఖానాలో ముప్పై ఆరేళ్లు బీరువా అద్దాలు కోసిన మనిషి. కోయగా మిగిలే సన్నటి పట్టీలు మూడింటిని ఒకదానికొకటి ఆనించి, సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి, ప్లాస్టిక్ పైపు ముక్కలో దూర్చి కెలిడోస్కోప్ ఒకటి చేసుకున్నాడు. ఇంట్లోవాళ్లు దాన్ని దుర్బిణి అనేవాళ్లు. చివర మరతిప్పే మూత. మూత తీసి నాలుగు పెంకులు వేసి, బిగించి, వెలుగుకేసి పట్టి చూస్తే చాలు. పెళ్లయిన కొత్తలో మామ ఇస్తే ప్రవీణ మొదటిసారి చూసి "అయ్యో దేవుడా!" అని గట్టిగా అరిచింది. లోపల ఎవరో పట్టుచీర పరిచినట్టుంది. కొంచెం తిప్పింది, చీర మారిపోయింది. మళ్లీ తిప్పింది. పొయ్యి మీద అన్నం మాడి వాసన వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. అత్త ఈరమ్మ ఆ రోజు మామను తిట్టిన తిట్లు ఇప్పటికీ ఆ బస్తీలో చెప్పుకుని నవ్వుకుంటారు.

పెంకుల్ని మాత్రం ఆయన ఎక్కడబడితే అక్కడ ఏరుకొచ్చేవాడు కాదు. తన ఇంట్లోనో, తన మనుషుల దగ్గరో పగిలితేనే తీసుకునేవాడు. తెచ్చినదాన్ని సానరాయి మీద పెట్టి, నీళ్లు పోసుకుంటూ, అంచు మెత్తబడేదాకా నూరేవాడు. చంటిపిల్ల చేతికిచ్చినా గీరుకోకూడదు, అది ఆయన లెక్క. అలా నలభై ఏళ్లలో ఆ డబ్బా నిండింది.

కిందటి దసరాకు పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, నోట మాట పోయింది. దవాఖానాలో తిండి పోయడానికి ముక్కులోంచి గొట్టం వేస్తే ఎడమచేత్తో లాగేసుకున్నాడు. రక్తం కారింది. ఆ ఎడమచేతిని మంచానికి కట్టేశారు. పన్నెండు రోజులు. ఆయన కళ్లలో అప్పుడు కనిపించిన భయం ప్రవీణకు ఇంకా కలలోకి వస్తుంది. ఇంటికొచ్చాక రోజంతా ఆ దుర్బిణితోనే కాలక్షేపం. ఎడమచేత్తో మూత తిప్పడం, పెంకులు మార్చడం, వచ్చినవాళ్ల ముందు చాపడం. సాయంత్రం చాయ్ వేళకు ప్రవీణకు చూపించేవాడు. ఆమె ఒక కన్ను ఆనించి, "మంచిగుంది మామ" అని లోపలికి పోయేది. కుక్కర్ కూతలేస్తుంటే ఎంతసేపని చూస్తుంది? ముసలాయన చిన్నపిల్లాడైపోయాడనుకుంది. అందరూ అదే అనుకున్నారు.

అందుకే తల్లి ఆ మాట అనగానే ప్రవీణ గుండెల్లో కలుక్కుమంది. నిజమే కదా, అత్త పోయింది, మామ పడ్డాడు. ఏడాదంతా దవాఖానాల చుట్టూ తిరగడమే అయింది. ఈ పెంకులు పోతే ఆయనకు నయమవుతుందేమో. సందు చివర చెత్త ఆటో పాట వినిపిస్తోంది. డబ్బా పట్టుకుని పరుగున బయటికి వచ్చింది. వరండాలో కుర్చీలో కూర్చున్న హనుమాండ్లు ఆమె చేతిలోది చూశాడు. "ఆఁ... ఆఁ..." అంటూ బాగున్న కాలితో నేలను తన్నాడు.

"తెస్తున్న మామ, చాయ్ తెస్తున్న, జర ఆగు," అంటూ ప్రవీణ వెళ్లి డబ్బాను ఆటోలో పడేసింది.

చాయ్ తెచ్చింది. ఆయన తాగలేదు.

మధ్యాహ్నం అన్నం కలిపి నోటికందిస్తే మొహం తిప్పుకున్నాడు. రాత్రీ అంతే. శుక్రవారం పొద్దున జావ పోస్తే పెదాల మీంచి కార్చేశాడు. ప్రవీణ మొగుడు భూపాల్ నాచారంలో ప్యాకింగ్ కంపెనీ సూపర్‌వైజరు. అతను వంగి తండ్రి చెవి దగ్గర అరిచాడు, బతిమాలాడు, చివరికి విసుక్కుని డ్యూటీకి పోయాడు. హనుమాండ్లు గోడకేసి తిరిగి పడుకున్నాడు. దుర్బిణి తలగడ పక్కన ఉంది గాని, దాన్ని ముట్టలేదు.

పదకొండింటికి రెబెక్కా వచ్చింది. నాచారం పిల్ల, వారానికి మూడు రోజులు వచ్చి హనుమాండ్లు చేతికి, కాలికి కసరత్తు చేయిస్తుంది. లోపలికెళ్లిన రెండు నిమిషాలకే తిరిగొచ్చింది.

"అక్కా, తాత డబ్బా ఏది?"

"పెంకులదా? పారేసిన. ఏ?"

రెబెక్కా నోరు తెరుచుకుని చూసింది. "పారేసిన్రా? మరి తాత ఎట్ల మాట్లాడాలె?"

"మాట్లాడుడేందమ్మా? మామకు మాట లేదు గదా."

"నోటితోని కాదక్కా. పెంకులతోని. మీకు తెల్సు అనుకున్న." ఆమె సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పింది. "సూడుండ్రి, ఒక్కొక్కటి అడిగి అడిగి రాసుకున్న. అవునంటె కన్ను మూస్తడు, కాదంటె వేలు ఊపుతడు. గోధుమరంగుది ఆకలి. నీలం మందుసీసాది నొప్పి. పచ్చది మీ అత్తమ్మ గాజు. అది ఏసిండంటె అవ్వ యాదికొచ్చిందన్నట్టు, ఆ రోజు ఎక్కువ కసరత్తు చేపియ్యను."

ప్రవీణ కాగితం చేతిలోకి తీసుకుంది. ఇరవై మూడు రంగులు. పక్కన రెబెక్కా గుండ్రటి అక్షరాల్లో ఇరవై మూడు మాటలు. భూపాల్, నీళ్లు, చలి, ఫ్యాను ఆపు, భయం. నాలుగో వరుసలో తన పేరు.

"నేను సుత ఉన్ననా?"

"గులాబీది మీరే. పెండ్లయిన తెల్లారి బోరింగు కాడ బిందె ఎత్తంగ మీ గాజు పలిగిందంట గదా. తాత ఏరి పెట్టుకున్నడు. గది కనుక్కునేటాల్లకు నాకు నెల పట్టింది." రెబెక్కా కాగితం మీద తెల్లరంగు వరుస చూపించింది. "పొద్దుమీకి మీకు సూపిస్తుండె గదక్కా, గులాబీది, తెల్లది కలిపి. తెల్లది కార్ఖానల చాయ్ గిలాసది. చాయ్ టైముకు మిషన్లు బంద్ వెట్టి అందరు కూసుంటుండెనంట. కూసో అని చెప్పుడు అది. జర కూసో బిడ్డా, అని."

ప్రవీణ కాగితంలో తన పేరున్న వరుస మళ్లీ చదివింది. ఎనిమిది నెలలు. రోజూ సాయంత్రం. ఆ మనిషి ఒంటిచేత్తో మూత తిప్పి, వెతికి, ఏరి, ఒక్క మాట తయారుచేసి తన ముందు పెట్టేవాడు. తను మంచిగుంది మామ అనేసి పోయేది. ఇప్పుడు ఆ మాటల్నే చెత్తబండిలో పడేసింది. ఛీ, నా బతుకు చెడ, అనుకుంది. పైకి మాత్రం, "నీ బండి తాళం తియ్యి," అంది.

ఇద్దరూ స్కూటీ మీద బయల్దేరారు. చెత్త ఆటో నడిపే నరేన్ నెంబరు ఎదురింటివాళ్ల దగ్గర దొరికింది. ఆటోవాళ్లు నాచారం వైపు, చిన్నబళ్ల చెత్తను పెద్దబళ్లలోకి ఎత్తే చోట ఉన్నారు. నరేన్ భార్య దుర్గాభవాని డబ్బా పేరు ఎత్తగానే ఆటో ముందుసీటు కింద నుంచి తీసి ఇచ్చింది. శుభ్రంగా కడిగి, తుడిచి, తళతళలాడుతోంది. ప్రవీణకు ప్రాణం లేచొచ్చింది. మూత తీసింది.

ఖాళీ.

"డబ్బా మస్తుగుండె అక్కా, జొన్నపిండికి అయితదని పక్కకు పెట్టుకున్న," అంది దుర్గాభవాని నొచ్చుకుంటూ. "పెంకులు లోడులనే గుమ్మరించిన. పలిగిన గాజు ఎవరు కొనరు గదా. ఆ మూలకు పడ్డది మీ బస్తీ లోడు. పెద్దబండ్లు పొద్దుగాల సగం ఎత్తినయ్. ఉంటె ఉంటది, లేకుంటె లేదు."

ఆ మూలన ఇంటికప్పు ఎత్తున కుప్ప. ప్రవీణ చెప్పులు విడిచింది, ఎందుకు విడిచిందో ఆమెకే తెలియదు. మోకాళ్ల దాకా దిగి చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. కాపలా మనిషి వచ్చి కేకలేశాడు. దుర్గాభవాని అతని మీదికి అంతకు రెండింతలు కేకలేసి, చేతులకు తొడుగులేసుకుని తనూ దిగింది. రెబెక్కా ఒక చేత్తో కాగితం పట్టుకుని, మెరిసినదల్లా వెలుగులో పెట్టి చూసేది. దొరికింది దొరికినట్టు డబ్బాలో వేశారు. బీరుసీసాల ముక్కలు, చేతిగాజుల ముక్కలు, పగిలిన బల్బు, ఎవరింటిదో దేవుడి పటం అద్దం. ప్రవీణ అరచెయ్యి తెగింది, చున్నీ చుట్టుకుని మళ్లీ తవ్వింది. గులాబీరంగు ముక్క ఒకటి కనిపిస్తే ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నాలుగింటికి పెద్దబండి వచ్చి మిగిలిన కుప్పను ఎత్తుకుని డంపింగ్ యార్డుకు పోయింది. బండి వెనకాల నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయింది ప్రవీణ.

"ఏడ్వకక్కా, సగం అన్న దొరికినయ్. నేను ప్రార్థన చేస్త," అంది రెబెక్కా.

ఇంటికొచ్చి సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, తెల్లటి తువ్వాలు మీద పరిచి, హనుమాండ్లును లేపి కూర్చోబెట్టారు. ఆయన చూశాడు. ఒంట్లోకి ఒక్కసారి జీవం వచ్చింది. ఎడమచెయ్యి ముందుకొచ్చింది. ఒక పెంకు తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. పక్కన పెట్టాడు. ఇంకొకటి. తడిమాడు, పక్కన పెట్టాడు. గులాబీ ముక్క. దాన్ని కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు. అంచు మీద వేలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోయింది. అది కూడా పక్కకే పోయింది. వేటికీ సాన లేదు. అరవై ఏడు ముక్కల్లో ఒక్కటి కూడా ఆయనది కాదు. అన్నీ అయ్యాక, తెచ్చినవాళ్ల మనసు నొప్పించకూడదనుకున్నట్టు, తువ్వాలు మెల్లగా మడిచి ప్రవీణ వైపు జరిపాడు. మళ్లీ గోడకేసి తిరిగాడు.

ఆ మర్యాదకే ప్రవీణ వెక్కి వెక్కి ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

శనివారం భూపాల్ సెలవు పెట్టాడు. పెళ్లాం చెప్పిందంతా విని, "పెంకుల కోసం తిండి బంద్ వెడ్తడా మా నాయన? నీ వహమ్ గది, ఉత్త భ్రమ," అన్నాడు గాని, మనసు ఆగక ఏఎస్ రావు నగర్ పోయి, చేపల తొట్టిలో వేసే రంగురాళ్లు అరకిలో పట్టుకొచ్చాడు. కొడుకు పిచ్చితనం చూసి హనుమాండ్లు కళ్లు మూసుకున్నాడు. సాయంత్రం డాక్టరు వచ్చి సెలైన్ పెట్టి, చర్మం లాగి చూసి, తల అడ్డంగా ఆడించాడు.

"నీళ్లు సుత తాగకుంటే ఎట్ల నడుస్తది? ఇయ్యాల, రేపు చూద్దాం. సోమవారం పొద్దుగాల దవాఖానాల అడ్మిట్ చేయుండ్రి. గొట్టం ఎయ్యాల్సిందే."

"మళ్ల లాగేస్తడు డాక్టర్ సాబ్," అన్నాడు భూపాల్.

"చేతులు కడ్తరు. ఇంకేం చేస్తం?"

ఆ మాట గోడవైపు తిరిగి ఉన్న హనుమాండ్లు విన్నాడు. వీపు వణికింది. ప్రవీణ చూసింది. ఆయనకు భయం వేసింది, దాన్ని చెప్పుకోవడానికి భయం అనే పెంకు కూడా తను మిగల్చలేదు. ఆ రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఆదివారం తెల్లారింది. వీధంతా మామిడాకులు, వేపమండలు, డప్పులు. సారలమ్మ కూతురికి తలంటి, కొత్తచీర కట్టించి, రెండు చేతులకూ కొత్త ఎర్రగాజులు తొడిగింది. బోనం కుండకు సున్నం, పసుపు పూసి సిద్ధంగా పెట్టింది. "తొమ్మిదింటికల్ల ఎత్తుకోవాలె, జల్ది రా," అని కేకేసింది.

ప్రవీణ మామను చూసిపోదామని గదిలోకి వెళ్లింది. పొడుగు మనిషి మూడు రోజుల్లో మంచంలో సగానికి వచ్చాడు. పెదాలు ఎండి పొక్కులు కట్టాయి. చెంచాతో నీళ్లు పెడితే పళ్లు బిగించాడు. ఆమెకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆయన మీదా, అమ్మ మీదా, తన మీదా? రేపు ఈ చేతిని మంచానికి కడతారు. దుకాణంలో రంగురాళ్లు దొరుకుతాయి, చెత్తలో పెంకులు దొరుకుతాయి, ఆయనకు కావలసినవి మనుషుల దగ్గర పగలాలి. ఇంట్లో ఉన్నది తనే.

వెనక వాకిట్లో సానరాయి ఉంది. దాని ముందు కూలబడి, ఎడమచేతి గాజు ఒకటి తీసి, రాయి అంచుకేసి కొట్టింది.

"ఓ నీ పాడుగాను!" సారలమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "మొగడు నిలువెత్తు ఉండంగ చేతులార గాజు పలగ్గొట్టుకుంటవానే? ఇయ్యాల! బోనం నాడు! పసుపు కుంకాల మీద మన్ను వోసుకుంటవా?"

ప్రవీణ తల ఎత్తలేదు. పెద్ద ముక్క ఒకటి ఏరుకుని రాయి మీద రుద్దసాగింది. సారలమ్మ ఆమె చెయ్యి పట్టి లాగింది. గుమ్మంలో నిలబడ్డ భూపాల్ వచ్చి అత్త చెయ్యి విడిపించాడు.

"ఉండనియ్ అత్తమ్మా," అన్నాడు. "నాకేం గాదు."

తొమ్మిదయింది. వీధిలో మొదటి బోనాలు కదిలాయి. ప్రవీణ నూరుతూనే ఉంది. ఎలా పట్టుకోవాలో తెలియదు, ఏ వాలులో రుద్దాలో తెలియదు. ముక్క జారి జారి వేళ్ల చర్మం లేచింది. గాజు కీచుమంటోంది, తెల్లటి పొడి రాలుతోంది. పదిన్నరకు వేలుతో తడిమి చూసుకుంది. మెత్తగానే అనిపించింది. సానరాయిని కూడా చంకలో పెట్టుకుని గదిలోకి వెళ్లింది; అక్కడ ఇంకాస్త రుద్దాల్సి వస్తుందేమోనని.

"మామ, గిటు తిరుగు." ఆయన తిరగలేదు. ఆమె ఆయన ఎడమచేతిని తనే పట్టుకుని, వేళ్లు విప్పి, అరచేతిలో ఎర్రపెంకు పెట్టింది. "ఇది నేను. ప్రవీణను. గులాబీది నేనే పారేసిన మామ, నా బుద్ధి గడ్డి తిన్నది. ఇగో, మళ్ల తెచ్చిన. నా గాజుదే. నీతోని మాట్లాడకుండ నేను ఎట్ల ఉండాలె?"

ఆయన బొటనవేలు కదిలింది. పెంకు ఒక అంచు మీద నెమ్మదిగా పోయింది. రెండో అంచు మీద పోయింది. మూల దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కొచ్చి అదే మూల దగ్గర ఆగింది. హనుమాండ్లు ఇటు తిరిగాడు. పెంకును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మూడు రోజులుగా ఏమీ పలకని మొహంలో కనుబొమలు దగ్గరికొచ్చాయి.

కోపం! కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లు పని చెడగొడితే వచ్చే కోపం. "ఊఁ!" అని గొంతులోంచి గట్టిగా శబ్దం చేశాడు. పెంకును ఆమె మొహం ముందు పెట్టి, గరుకుగా ఉన్న మూలను చూపించాడు. ఇదేం పని అన్నట్టు చూశాడు.

"తప్పయింది మామ," అంది ప్రవీణ, కళ్లనీళ్లు ధార కడుతుంటే.

ఆయన చెయ్యి చాపి రాయి ఇమ్మన్నాడు. భూపాల్ వెనక నుంచి వచ్చి తండ్రిని లేపి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాడు. ప్రవీణ ఆయన ఒళ్లో తువ్వాలు పరిచి సానరాయి పెట్టింది. హనుమాండ్లు రాయి మీద వేలు రాసి, వేలికంటిన తెల్లటి పొడిని ఆమెకు చూపించాడు. ఎండురాయి మీద నూరుతారా ఎవరైనా? వేలితో రాయిని టకటకా కొట్టాడు.

ఆమె పరుగున వెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నాడు. కొన్ని నీళ్లు గుండెల మీద ఒలికాయి. రాయి మీదికి వంచబోతూ ఆగాడు. గ్లాసు నోటికెత్తుకుని ఒక గుటక వేశాడు, ఇంకొకటి వేశాడు, సగం దాకా తాగాడు. మిగిలిన నీళ్లు రాయి మీద పోసి, ఎర్రపెంకు మూలను దాని మీద ఏటవాలుగా ఆనించి, ప్రవీణ చూస్తోందో లేదో ఒకసారి చూసుకుని, నూరడం మొదలుపెట్టాడు.